మన గదికి తగిన మైకు

మామా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున్నే నీ గిటారు భుజాన వేసుకుని, రికార్డింగ్ మైకు కొనడానికి ప్రొద్దుటూరు వెళ్లాను. అంగట్లో వాయించి చూస్తే, సన్నని చప్పుడు కూడా పట్టే కండెన్సర్ మైకులో ఒక్కో తీగా విడివిడిగా వినిపించింది. మనసంతా దాని మీదే.

"మీ ఇల్లు యాడమ్మా?" అన్నాడు అంగడాయన.

"జమ్మలమడుగు బస్టాండు పక్కనే."

"అయితే అది బస్సుల మోత గూడా పట్టేస్తాది. ఈ డైనమిక్ మైకు తీస్కో, దగ్గరి శబ్దమే పడ్తాది, ధరా తక్కువే. ముందు గిటారు, తర్వాత గొంతు, దగ్గర పెట్టుకోని రికార్డు చేసుకో."

అదే కొన్నాను.

ఇంటికొస్తే గుమ్మంలో మీ అన్న.

"మొగుడు పోయినాక పాటలేంది? సంఘంలో ఏమనుకుంటారు? గిటారు అమ్మేయ్."

"అమ్మను బావా. ఆయన నేర్పిచ్చినాడు, నేను వాయిస్తాండా. వింటే కూర్చో, లేకుంటే పో."

ఆయన పోలేదు, కూర్చోనూ లేదు. తలుపు తెరిచే ఉంచి, నువ్వు సగంలో వదిలేసిన పాట రికార్డు చేశాను. రెండుసార్లు మధ్యలో ఆపి, మళ్లీ మొదలుపెట్టాను.

నువ్వు ఒక్క చరణమే రాశావు. రెండోది నేను రాశాను. నువ్వుంటే అందులో నాలుగు మాటలైనా కొట్టేసేవాడివి. నేను ఒక్కటీ మార్చను.