కాశింబీ రెండో కన్ను

గురువారం, ప్రత్తిపాడు

కాశింబీకి సినిమా పిచ్చి ముదిరిందని నిన్న ఇక్కడే రాశాను. అది తప్పు. శుక్లాల ఆపరేషన్ ఇప్పుడే వద్దని ఆమె మొండికేసింది పిచ్చితో కాదు, భయంతో.

ఇవాళ వాళ్ళ వసారాలో మిరపకాయల రాశి ముందు కూర్చుని నేనూ తొడిమలు తీశాను. తీస్తున్నంతసేపూ ఆ మాంత్రిక రాజ్యం సినిమా గొడవే. మూడో భాగంలో లోయలో పడిపోయిన రాజు ఆఖరి భాగంలో తిరిగొస్తాడట.

"శవాన్ని చూపించలేదుగా టీచరమ్మా, బతికే ఉంటాడు" అంది. ఇంత తర్కం నా విద్యార్థుల్లో ఒక్కరికీ అబ్బలేదు.

"వస్తే చూద్దువుగానిలే. సినిమాకి ఇంకా నెల ఉంది. ఈలోగా కళ్ళు బాగుచేయించుకో" అన్నాను.

చేతిలో కాయ పక్కన పెట్టింది. "కోసింది వికటిస్తే? ఆ ఆఖరి భాగం కోసం ఎన్నేళ్ళ నుంచి కాచుకున్నా. ఈ మసక చూపుతోనే అది చూసేసి, ఆ తర్వాత కోయించుకుంటా."

రెండు కళ్ళూ ఒకేసారి కోస్తారనుకుంటోంది వెర్రిది.

"ఒకసారికి ఒక కన్నే చేస్తారే. నాకూ అలాగే చేశారుగా. అది వికటించినా రెండోది సినిమాకి మిగులుతుంది" అన్నాను.

ఓదార్చడం నాకెప్పుడూ సరిగా రాదు. అయినా నవ్వింది. సోమవారం ఆసుపత్రికి వస్తానంది. ఒప్పించింది నేను కదా, ఇప్పుడు ఆ భయమేదో నాకు పట్టుకుంది.

రేపు పొద్దున నా పాత నల్ల కళ్ళద్దాలు బీరువాలోంచి తీసి, కడిగి, ఆమెకి ఇచ్చి రావాలి. వాటిని ముట్టుకునే ముందు చేతులు మరోసారి సబ్బుతో రుద్దుకోవాలి. కారం ఇంకా వదల్లేదు.