డబ్బుకి ఉన్న ఓపిక

ఎంబిటా,
మంగళవారం, 12 మార్చి 2024

రుసింగా ద్వీపపు ఆడపడుచు అపోండీకి,

అవినో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెడదామనుకున్నాను గానీ, చేతికి అబద్ధం రాయబుద్ధి కాలేదు. సరస్సులో నీళ్ళున్నాయి, నా ఒంట్లో ప్రాణముంది, అంతవరకూ నిజం. మీ ఆయనా, పిల్లలూ, హోమా బేలో నీ మందుల షాపూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. ఆరేళ్ళ తర్వాత ఈ ఉత్తరమేమిటని మొహం చిట్లించకు. ఫోను చేద్దామని రెండుసార్లు తీశాను. నువ్వు ఎత్తకపోతే ఒక బాధ, ఎత్తితే ఏం మాట్లాడాలో తెలియని బాధ. అందుకే ఇది మటాటు వ్యాను కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

సంగతి చెప్పేస్తాను, వేరేవాళ్ళ నోట వినకూడదు నువ్వు. మనిద్దరం కలిసి నిలబెట్టిన కాన్పుల ఇల్లు మూసేస్తున్నాం. శుక్రవారం సంతకాలు. ఆపరేషన్ గదిలో సామానంతా పట్నంలో పెట్టబోయే స్కానింగ్ సెంటరుకి పోతుంది. అక్కడైతే జనం వస్తారు, రాబడి ఉంటుంది.

నైరోబీ నుంచి పెట్టుబడి పెట్టే ఆ ఫండు తరఫున బరాసా మొదటిసారి వచ్చిన రోజు నువ్వూ ఉన్నావు. "లాభమూ రావాలి, నలుగురికీ మేలూ జరగాలి. మాది ఓపికున్న డబ్బు, తొందరపెట్టదు" అన్నాడు. వంటగదిలోంచి పెరెస్, "మనకే ఓపిక లేక చస్తుంటే డబ్బుకి ఉంటుందటమ్మా" అనేసరికి నువ్వు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తావు. ఆ డబ్బుతోనే సోలార్ పలకలు వచ్చాయి, ఆక్సిజన్ యంత్రం వచ్చింది. కాదనను. దాంతోపాటు కాగితాల గోలా వచ్చింది.

ద్వీపాల ఆడవాళ్ళు నెలలు నిండగానే పడవెక్కి వచ్చి, నొప్పులు వచ్చేదాకా మన వసారాలో ఉంటారు కదా. ఫండు వాళ్ళ లెక్కల పట్టీలో ఆ మంచాలు ఖాళీ కింద పడతాయి, వాటి మీద వైద్యమేమీ జరగదు కాబట్టి. పోయిన నెల బరాసా వచ్చేసరికి తొమ్మిదిమంది వరసగా కూర్చుని ఎండబెట్టిన ఒమేనా చిన్నచేపల్లో ఇసుక ఏరుతున్నారు. పట్టీ చూసుకుని, ఇక్కడ తొమ్మిది మంచాలు ఖాళీ అని ఉందే అన్నాడాయన. ఎంఫాంగానో ద్వీపం నుంచి వచ్చిన అమొలో పొట్ట మీద చెయ్యేసుకుని, "ఖాళీయా బాబూ? ఇలా వచ్చి చెవి ఆనించి విను, లోపలివాడు ఏమంటాడో" అంది. అందరూ విరగబడి నవ్వారు. బరాసా కూడా నవ్వాడు. మంచివాడే. ఆయన వచ్చిన రోజుల్లో పుట్టారని ఇక్కడ ఇద్దరు పిల్లలకి ఆయన పేరే పెట్టుకున్నారు కూడా.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఓపిక లేదే అపోండీ. యంత్రం ఆగితే బాగుచేసేవాడి కాళ్ళు పట్టుకోవాలి. లైసెన్సు కోసం ఆఫీసు మెట్లు అరగదియ్యాలి. చెయ్యి పట్టుకుని నేర్పించిన నర్సు పని రాగానే సౌదీకి పోతుంది, నేను మళ్ళీ అఆల దగ్గర మొదలెట్టాలి. పోయిన వారం పట్టపగలు, ఒకావిడకి కాన్పవుతుంటే గోడకానుకుని నిలబడే కునుకు తీశాను. నర్సు భుజం తట్టి లేపింది. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు.

నువ్వు వెళ్ళిపోయిన రోజు నేనన్నది నువ్వు మర్చిపోయి ఉండవు. నర్సులందరి ముందూ, "నీకు పనికన్నా నిద్ర ఎక్కువ, పోయి షాపు పెట్టుకో" అన్నాను. నువ్వడిగిందల్లా సగం బరువు నీకివ్వమని. నేను నడుముకున్న తాళాలగుత్తి మీద చెయ్యేసుకుని నిలబడ్డాను, ఎవరో లాక్కుంటున్నట్టు. ఆ మాటకి సిగ్గుపడుతున్నాను. అప్పుడే పడి ఉండాల్సింది, ఇప్పుడు పడుతున్నాను.

అమొలోకి ఇంకా చెప్పలేదు. పోయిన కాన్పులో పడవలోనే నొప్పులొచ్చి బిడ్డ దక్కలేదు. అందుకే ఈసారి నెల ముందే వచ్చి కూర్చుంది. శుక్రవారం దాటితే ఆ పిల్లని పట్నం పంపాలి, అక్కడ ఆమెకి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆమె తర్వాత రావాల్సినవాళ్ళు ఇక రారు, ద్వీపంలోనే కనడానికి చూస్తారు. ఏమవుతుందో నీకు చెప్పాలా?

ఫండు వాళ్ళకి ఓపిక అయిపోయిందని అందరికీ చెబుతున్నాను. విన్నవాళ్ళు వాళ్ళని నాలుగు తిట్టి నన్ను జాలిగా చూస్తున్నారు. పెరెస్ అయితే "నేను ఆనాడే అన్లేదూ" అంటూ గిన్నెల మీద కోపం తీర్చుకుంటోంది.

నీ నుంచి ఏమీ అడగడం లేదు. చెప్పుకోవాలనిపించింది, అంతే. మీ పెద్దవాడికి నా ముద్దులు. పుట్టగానే తనని ముందుగా పట్టుకున్నది నా చేతులేనని వాడికి ఎవరైనా చెప్పారో లేదో.

ఒకప్పుడు నీతో కలిసి నడిచిన,
అవినో

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చించాను. బరాసా మూసెయ్యమని అనలేదు. ఇంకో మూడేళ్ళు ఆగుతామన్నాడు. వసారా మంచాలకి పట్టీలో వేరే గడి కూడా వేయించుకొచ్చాడు, పాపం. ఒక్కటే షరతు పెట్టాడు: నా పక్కన సగం బాధ్యత మోసే మనిషిని పెట్టుకోవాలట, అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేరు, మూసేద్దాం అన్నది నేనే. సంతకం ఇంకా పెట్టలేదు. నీ పేరు నోటిదాకా వచ్చింది అపోండీ. నిన్ను పిలవడం కన్నా తలుపులు మూసెయ్యడమే సులువనిపించింది.