ఎర్రగుడ్డ చుట్టిన బ్రేకు కడ్డీ

బెల్ ఎయిర్ రివియేర్ సెష్ గ్రామంలో నివసించే రామలక్ష్మి కొండయ్య అనే నేను, కాలం చేసిన సన్యాసి కొండయ్య గారికీ రంగమ్మకూ కూతురిని, తెలుగు పంతులమ్మను, ముప్ఫై ఏళ్ళదాన్ని. నా బుద్ధి నిలకడగా ఉంది. ఎవరూ నన్ను భయపెట్టలేదు, బతిమాలలేదు. నాకున్నవి ఎవరికి చెందాలో నా చేత్తో నేనే రాస్తున్నాను.

బుధవారం నా వెన్నుకు ఆపరేషన్. వంకర పెరిగి ఊపిరితిత్తిని నొక్కుతోందని డాక్టరు గారు చెప్పారు. బతుకుతానా అని అడిగితే ఆయన కాసేపు కిటికీవైపు చూశారు. అబద్ధం చెప్పనందుకు ఆయన మీద గౌరవం కలిగింది. నేను తిరిగి వస్తే ఈ కాగితాన్ని నేనే చింపేస్తాను.

నోటరీ గారు ఫ్రెంచిలో రాయమన్నారు. అలాగే ఒక ప్రతి రాసి ఆయనకు ఇచ్చాను. ఇది ఇంట్లో చదవడానికి. మా ఇంట్లో పోట్లాటలు ఈ దీవిలో అందరూ మాట్లాడే క్రెయోల్‌లో, ప్రార్థన తెలుగులో. క్రెయోల్‌లో ఇచ్చిన మాట మర్నాటికి మారిపోతుంది. దీపం ముందు తెలుగులో అన్న మాట దాటడానికి మావాళ్ళు జంకుతారు. కాబట్టి మా ఊళ్ళో రామభజన నడిపించే ముత్తయ్య మామయ్య దీపం వెలిగించి దీన్ని పైకి చదవాలి. ఆయన రాగం తియ్యకుండా చదవాలని మనవి.

ఒకటి. ఇందులో రాసినదంతా జరిపించే బాధ్యత మా అన్న గోవిందుది. వేరే ఎవరినీ పెట్టవద్దు. ఎందుకో నాలుగో అంశంలో రాశాను.

రెండు. నా తెలుగు పుస్తకాలు, పలకలు, గోడకు తగిలించే అక్షరాల పటం శనివారం తరగతి పిల్లలకు. పటంలో 'ఋ' చిరిగిపోయింది. ఎవరైనా అతికించండి.

నా ఊతకర్ర, ఉగాది సభలో నేను వేదిక మెట్లు ఎక్కలేనని తానే అనుకుని నా పేరు పిలవకుండా వదిలేసిన కమిటీ పెద్దాయనకు ఇవ్వాలి. ఆయన పేరు రాయను. ఆ రోజు నేను కింద కూర్చుని, మెట్లకేసి చూస్తూ, అవి ఎన్నోసార్లు ఎక్కినవేనని అనుకుంటూ ఉండిపోయాను. చాలాకాలం కోపం పోలేదు. ఇప్పుడు ఆయనకూ మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఎగతాళికి ఇవ్వడం లేదు. అది మంచి కర్ర.

మూడు. నా బంగారు గాజులు, ఆకుపచ్చ పట్టుచీర అమ్మకు.

అమ్మకు ఇంకొకటి కూడా ఇస్తున్నాను. పెద్ద తుఫాను వచ్చి వెళ్ళిన ఆ సంవత్సరం, నలభై అయిదులో, నాకు ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. అమ్మోరు వచ్చిందని అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. నా ఒంటికి పసుపు రాసింది, ఎవరినీ లోపలికి రానివ్వలేదు, తను తినలేదు. జ్వరం దిగాక నా కుడికాలు లేవలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటే కాలు దక్కేదని అమ్మతో ఎవరో అన్నారట. అప్పటినుంచి ఆమె నా కాలివైపు సూటిగా చూడదు. కారు వచ్చాక కూడా ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటుంది. ముందు కూర్చుంటే నా చేతులు కాళ్ళ పని చెయ్యడం కనపడుతుంది కదా.

అమ్మా, ఆ జబ్బుకు అప్పుడు ఆస్పత్రిలోనూ మందు లేదు. ముగ్గురు డాక్టర్లను విడివిడిగా అడిగాను, ముగ్గురూ అదే చెప్పారు. నీకు క్రెయోల్‌లో చాలాసార్లు చెప్పాను, నువ్వు వినలేదు. ఇప్పుడు దీపం ముందు తెలుగులో చెబుతున్నాను. నీ తప్పు ఏమీ లేదు. కారులో ముందు సీటు నీది. ఆ కారు ఎవరి పేరున ఉన్నా, నువ్వు ఎక్కిన రోజు ఆ సీటు నీకు వదలాలి.

నాలుగు. నా కారు గురించి.

అది బూడిదరంగు మోరిస్ మైనర్. పాతది, అరవై మూడులో కొన్నాను. నా ఎడమకాలు బాగానే ఉంది కాబట్టి క్లచ్చికి ఇబ్బంది లేదు. బ్రేకుకూ గ్యాసుకూ కాలు లేదు. మహేబోర్గ్‌లో మెకానిక్ మార్సెల్ మొదట తల అడ్డంగా ఊపాడు. వారం తర్వాత తనే మా ఇంటికి వచ్చి, నిద్రలో తట్టిందని చెప్పి, నేలమీద సుద్దతో బొమ్మ గీశాడు. బ్రేకుకు చేత్తో నెట్టే కడ్డీ కావాలి. చెరకు మిల్లులో కమ్మరిపని చేసే నాన్న దాన్ని కొలిమిలో సాగదీశాడు. గ్యాసుకు స్టీరింగు మీద సైకిల్ బ్రేకు పిడి బిగించారు. పిడి నొక్కితే కారు పరుగెత్తుతుంది. ఆ పిడి అన్న సైకిల్‌ది. విప్పి ఇచ్చినవాడు అన్నే. ఆ తర్వాత చాలాకాలం వాడు చెప్పు నేలకు రాసి సైకిల్ ఆపేవాడు. చెప్పులు అరిగిపోతున్నాయని అమ్మ తిట్టేది. ఎందుకు అరిగాయో వాడు ఆమెకు చెప్పలేదు.

చెమటకు చెయ్యి జారకుండా నాన్న కడ్డీకి ఎర్రగుడ్డ చుట్టాడు.

పూజ రోజున పూజారి గారు కుడికాలు ముందు పెట్టి ఎక్కమ్మా అన్నారు. అన్నాక ఆయనకు తట్టింది. మంత్రం మధ్యలో ఆగిపోయారు. అందరూ నేల చూపులు చూశారు. నాన్న మాత్రం, "కుడిచెయ్యి పెట్టమనండి స్వామీ, బండి నడిపేది అదే కదా" అన్నాడు. పూజారి గారు శాస్త్రంలో చెయ్యి వద్దని ఎక్కడా లేదన్నారు. అలా ఎక్కాను.

ఆ కారులో నేను వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ జనం ఆగి చూశారు. మహేబోర్గ్ సంతరోజున ఒక పోలీసు చెయ్యెత్తి ఆపి, డ్రైవరు ఎక్కడని అడిగాడు. నేనే అన్నాను. నమ్మక వెనక తలుపు తీసి సీటు కింద వెతికాడు. కాలు చూపించాక టోపీ తీశాడు. ఆ తర్వాత పక్కన కూర్చుని, సముద్రం ఒడ్డుదాకా నడిపి చూపించమన్నాడు. నేను కడ్డీ నెట్టినప్పుడు రెండు చేతులతో ముందరి బల్ల పట్టుకున్నాడు. తిరిగి సంతలో దిగాక, కారును తనే తయారుచేసినట్టు అందరికీ వివరించాడు. ఒక దొరసాని పూర్తి కారు ఎందుకు కొనుక్కోలేదని ఎంతో దయగా అడిగింది. సైకిల్‌కు నాలుగు చక్రాలు మొలిచాయని కుర్రాళ్ళు వెనకనుంచి గంట మోగించేవారు. షెమాన్ గ్రెనియే దగ్గర చెరకు బండి తోలే ముసలాయన ఒక్కడే ఆశ్చర్యపోలేదు. "ఎద్దుల్ని మాత్రం కాలితో తోలుతామా బిడ్డా?" అని తన దారిన పోయాడు.

వీళ్ళెవరి మీదా నాకు కోపం లేదు. ఒక రోజు మాత్రం కోపం వచ్చింది. అమ్మోరు పండగ రోజున గుడి పక్కన కారు ఆపి, అద్దం దించి, లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి కారు చుట్టూ ఆడవాళ్ళు. లోపల నిలబడి ఉన్న కడ్డీని, దాని ఎర్రగుడ్డను చూసి, ఏదో పల్లెనుంచి ఊరేగింపుకు తెచ్చిన అమ్మోరి శూలం అనుకున్నారు. కడ్డీకి పసుపు రాసి బొట్లు పెట్టారు. కొనకు నిమ్మకాయ గుచ్చారు. వేపాకు నీళ్ళు పోస్తే సీటు పూర్తిగా తడిసింది. అది బ్రేకు అని నేను గట్టిగానే చెప్పాను. కొందరు లెంపలు వేసుకున్నారు, కొందరు నవ్వారు. ఒకామె మాత్రం కదల్లేదు. ఆమె కన్నమ్మ. షెమాన్ గ్రెనియే నుంచి పుట్టింటికి పండగకు వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని పదహారేళ్ళ పిల్ల, నా కాలిలాంటి కాలితోనే, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

ఆ పిల్లే వసంతి.

కన్నమ్మకు మళ్ళీ చెప్పాను, ఇది దేవత కాదమ్మా, నేను కారు ఆపుకునే కడ్డీ అని. ఆమె నన్నూ, నా కాలినీ, కడ్డీనీ చూసి, "అయితే ఇంకా మంచిది" అని మళ్ళీ దణ్ణం పెట్టింది. ఆ తర్వాత నేను సరిదిద్దలేదు. వసంతిని తడిసిన సీట్లో కూర్చోబెట్టి, ఆమె చెయ్యి కడ్డీ మీద పెట్టాను. నెట్టమంటే భయపడుతూ నెట్టింది. బండి ఆగి ఉన్నదే, ఇంకేం ఆగుతుంది. అయినా ఆ పిల్ల ముఖం నేను మరిచిపోలేదు.

అప్పటినుంచి శనివారాలు నేను షెమాన్ గ్రెనియే వెళ్ళి పాఠం చెప్పాను. వసంతి పరీక్షలు ప్యాసయింది. పోయిన నెలలో తెలుగు టీచరుగా పిలుపు వచ్చింది. ఇచ్చిన స్కూళ్ళు మూడు ఊళ్ళలో ఉన్నాయి. బస్సు మెట్టు ఆమె నడుమంత ఎత్తు. ఒకసారి కండక్టరు ఎత్తి లోపల వేశాడు, మూట వేసినట్టు. ఆ రోజునుంచి వసంతి బస్సు ఎక్కలేదు. ఉద్యోగం వద్దని జవాబు రాసి పెట్టుకుంది. ఈస్టర్ సెలవులు అయ్యేలోగా చేరకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. జవాబు పోస్టు చెయ్యవద్దని నేను ఆపాను.

కాబట్టి, నా మోరిస్ మైనర్ కారును, దాని కడ్డీతో, సైకిల్ పిడితో, ఎర్రగుడ్డతో సహా, ఏదీ విప్పకుండా, షెమాన్ గ్రెనియే వాస్తవ్యురాలు కన్నమ్మ కూతురు వసంతికి ఇస్తున్నాను. ఇది నా గట్టి ఇష్టం.

ఇప్పుడు అన్నకు. నువ్వు కడ్డీ తీయించి మామూలు కారు చేయించడానికి ఎంత పని పడుతుందని మార్సెల్‌ను అడిగావట. నేను ఆస్పత్రి మాట చెప్పిన వారంలోనే. మార్సెల్ చెప్పలేక చెప్పాడు. విన్న రోజు ఏడ్చాను. తర్వాత ఆలోచించాను. నువ్వు టాక్సీ పెట్టాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నావు. కడ్డీ ఉన్న కారులో ప్రయాణికులు ఎక్కరు, నిజమే. ఇంకొకటి కూడా నాకు తెలుసు. సంతలో జనం కారు చుట్టూ మూగి నా కాళ్ళకేసి వంగి చూసినప్పుడల్లా నువ్వు రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడేవాడివి. వాళ్ళ చూపులు నాకు అలవాటయ్యాయి. నీకు కాలేదు. నా మీద పడ్డ చూపులన్నీ నీకు తగిలాయి. చిన్నప్పుడు నన్ను వీపున మోసి బడికి తీసుకెళ్ళినవాడివి. నీ చదువు రెండో తరగతిలో ఆగింది, నాది సాగింది. దాన్ని నేను ఎన్నడూ మరిచిపోలేదు.

అందుకే ఈ పని నీకే అప్పగిస్తున్నాను. తాళంచెవి నీ చేత్తో వసంతికి ఇవ్వు. మన ఇంట్లో నేను కాక డ్రైవింగు వచ్చినవాడివి నువ్వే. పక్కన కూర్చుని నేర్పించు.

అయిదు. నాన్న ఇచ్చిన ఇంటిస్థలంలో నా వాటా అన్న గోవిందుకు. అమ్ముకుని టాక్సీ కొనుక్కోవచ్చు. నా అభ్యంతరం లేదు. దానితోపాటు ఒక కొత్త సైకిల్, బజారులో చెప్పి ఉంచాను. రెండు బ్రేకులూ ఉన్నది.

ఆరు. నా రేడియో మార్సెల్‌కు. పాటలు వచ్చే వేళ దాన్ని గట్టిగా పెట్టి పనిచెయ్యాలి.

ఏడు. పన్నెండో తేదీన మన దీవికి స్వతంత్రం వస్తుంది, పోర్ట్ లూయిస్‌లో పాత జెండా దించి మన జెండా ఎగరేస్తారు. అమ్మను తీసుకెళ్తానని మాట ఇచ్చాను. నేను లేకపోతే ఎవరైనా తీసుకెళ్ళాలి. నేను చెప్పిన సీట్లో.

ఇంతవరకూ ఉదయం రాశాను. మధ్యాహ్నం అన్నను కూర్చోబెట్టి నాలుగో అంశం, అయిదో అంశం చదివి వినిపించాను. నేను లేనప్పుడు వినడం వాడికి అన్యాయం అనిపించింది. కారు తాళంచెవి అడిగాడు. ఇచ్చాను. మార్సెల్ దగ్గరకే వెళ్తున్నాడనుకున్నాను, ఆపలేదు.

కారు పెరట్లోనే స్టార్టయింది. కిటికీలోంచి చూశాను. వాడు తన కుడికాలిని తువ్వాలుతో సీటుకు కట్టుకున్నాడు. పిడి నొక్కాడు, బండి ఎగిరింది. కడ్డీ నెట్టాడు, కోళ్ళు చెదిరిపోయాయి. పక్కింటి బాలమ్మ పిన్ని గోడమీదనుంచి, గోవిందుకు ఏమైందని అమ్మను అడిగింది. రోడ్డున పోయేవాళ్ళు ఆగారు. వంగి వాడి కాళ్ళకేసి చూశారు. వాడు ఆపలేదు. పెరడంతా తిప్పుతూనే ఉన్నాడు.

లోపలికి వచ్చాక తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కాలు ఊరుకోదు చెల్లీ, దానంతటదే తొక్కేస్తుంది. కట్టేస్తేనే చెయ్యి నేర్చుకుంటుంది. ఆ పిల్లకు నేర్పిస్తాను."

తెలుగులో అన్నాడు.

చేతిరాత వీలునామాకు సాక్షులు అక్కర్లేదని నోటరీ గారు చెప్పారు. మావాళ్ళకు కావాలి. అందుకని పెట్టాను.

బెల్ ఎయిర్ రివియేర్ సెష్‌లో, 1968 మార్చి 3, ఆదివారం నాడు రాసి, చదువుకుని, నా చేత్తో చేసిన సంతకం:

రామలక్ష్మి కొండయ్య

సాక్షులు:
ముత్తయ్య, రామభజన నడిపించేవారు
మార్సెల్, మెకానిక్, మహేబోర్గ్
బాలమ్మ, పక్కింటి వారు, వేలిముద్ర