సోమవారం చీటీలు

ప్రియమైన నీకు,

ఇక్కడ నేను క్షేమం. పిల్లి నాకంటే క్షేమం. కుండీలో మొక్కకు నీళ్లు ఎక్కువ పోస్తున్నానని ఇస్త్రీ చెల్లెమ్మ కేకలేసింది కాబట్టి నిన్నటినుంచి తగ్గించాను. నువ్వూ, నీ దగ్గర పటాలు కట్టడం నేర్చుకుంటున్నవాళ్లూ అక్కడ బాగున్నారని తలుస్తాను. ముప్పై నాలుగేళ్లు తపాలా కచేరీలో ఊళ్లోవాళ్ల ఉత్తరాలన్నీ విడదీసి రిటైరైనవాడిని, నాకంటూ ఒక ఉత్తరం వస్తే ఇంత హడావిడి పడతాననుకోలేదు. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబోతే కళ్లజోడు కనపడలేదు. ఇల్లంతా వెతికాక నుదుటిమీద దొరికింది.

నువ్వడిగినవాటికి జవాబులు. మాత్రలు వేసుకుంటున్నాను. వంట చేసుకుంటున్నాను, ఈమధ్య తినగలుగుతున్నాను కూడా. గాజు కోసే కలాన్ని పని కాగానే కిరోసిన్లో ముంచి తుడిచి పెడుతున్నాను. పటం చుట్టూ వేసే బీడింగు చెక్కలు నిలబెడితే వంకరపోతాయని రాశావు, అన్నిటినీ పడుకోబెట్టాను. "మధ్యాహ్నం కొట్టు మూసి కునుకు తియ్యకండి" అని కూడా రాశావు. దాని సంగతి కిందెక్కడో వస్తుంది. ఇక ఆఖరి ప్రశ్న, పటాల కొట్టు తాళంచెవులు దాని యజమానికి ఇచ్చేశారా అని. దాని జవాబు ఆఖర్నే ఉంది. నువ్వు ఏ ఉత్తరమైనా చివరి పేజీ ముందు చదువుతావని తెలుసు కాబట్టి పేజీలకు అంకెలు వెయ్యలేదు.

నువ్వు బయల్దేరేముందు గుమ్మంలో నిలబడి చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "ఏమండీ, ఒప్పుకున్న పటాలు కట్టిచ్చెయ్యండి. కొత్తవి ఒప్పుకోకండి. నెలాఖరుకి తాళంచెవులు ఇచ్చెయ్యండి. ఎవరడిగినా చెల్లెలింటికి వెళ్లిందని చెప్పండి. కొట్టు నడవక పాఠాలు చెప్పే ఉద్యోగానికి పోయిందన్న మాట మాత్రం మీ నోటినుంచి రాకూడదు." నేను తలూపాను. పెళ్లయిన దగ్గర్నుంచి నా తల ఊపుడు మీద నీకెన్నడూ నమ్మకం లేదు. ఈసారి ఎందుకు నమ్మావో నాకిప్పటికీ అర్థం కాదు.

మొదటి వారం నేను చేసిన ఘనకార్యం, బడి పంతులుగారి పటానికి గాజు అంగుళం తక్కువ కొయ్యడం. కోసిన గాజు అతుక్కోదు కదా. ఆ చిన్న గాజుకు సరిపడే పటం ఇంకొకటి దొరుకుతుందేమోనని గోడకు ఆనించి పెట్టాను. ఇప్పుడు అలాంటివి ఆరున్నాయి. నువ్వొచ్చి చూస్తే తిడతావు. రెండో గాజు మాత్రం తిన్నగా వచ్చింది. పంతులుగారు పటాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "ఆవిడ ఎప్పుడొస్తారు?" అని మర్యాదగా అడిగి వెళ్లిపోయారు.

ఇక వీధి సంఘం కబురు. నీకు తెలియనిదేం కాదు గాని నాకు కొత్త, అందుకని చూసింది చూసినట్టు రాస్తాను. సోమవారం పొద్దున షట్టర్లు ఎత్తకముందే తాళాల బాబాయి కొట్టుముందు అందరూ చేరారు. కుర్చీ వేస్తే మాటలు పెరుగుతాయని ఎవరూ కూర్చోకూడదట. ఒక్కొక్కరూ చీటీమీద రెండే రెండు వరసలు రాస్తారు. పైన 'కావాలి', కింద 'ఇస్తా'. చదివి వినిపిస్తారు. ఆ సాయం ఎవరికి పనికొస్తే వాళ్లు చీటీ తీసుకుంటారు, పని అయ్యాక చింపేస్తారు. ఉంచుకుంటే చేసినవాడు గొప్పవాడూ, పుచ్చుకున్నవాడు తక్కువవాడూ అయిపోతారని బాబాయి పెట్టిన నియమం. ఇంత పెద్దమనిషి తరహా సంఘం మా కచేరీలో ఉంటే నేను ఇంకా పైకొచ్చేవాణ్ణి.

ఆ రోజు జిరాక్స్ అమ్మాయికి తన మెషిన్ ఎత్తి అరుగుమీద పెట్టే ఇద్దరు మనుషులు కావాలి. సెలూన్ తమ్ముడు ఇంకొకరిని తీసుకుని వస్తానన్నాడు. ఇస్త్రీ చెల్లెమ్మకు బొగ్గుల బస్తా నిలవ చేసుకునే పొడిచోటు కావాలి. అది ఇంకొకరు ఇచ్చారు. నా వంతు వచ్చింది. "ఏం అల్లుడూ, అమ్మాయి తరఫున వచ్చావు, మీకేం కావాలి?" అన్నాడు బాబాయి. నేనేదో చెప్పాను. ఏం చెప్పానో కాస్త ఆగి రాస్తాను.

మర్నాటినుంచి పని వచ్చి పడింది. ముందు సెలూన్ తమ్ముడు ధరల బోర్డు పట్టుకొచ్చాడు. "బావగారూ, దీనికి నల్ల బీడింగు వెయ్యండి, దర్జాగా ఉండాలి" అన్నాడు. తర్వాత తాళాల బాబాయి తన దుకాణం లైసెన్సు తెచ్చాడు. మధ్యాహ్నం ఇస్త్రీ చెల్లెమ్మ జలపాతం బొమ్మ తెచ్చింది. నేను మహా సంతోషపడ్డాను. నా చేతిపని వీధంతా పాకిందనుకున్నాను. బొమ్మ కింద తారీఖులు చూశాకగాని అది పోయిన సంవత్సరం క్యాలెండర్లో అక్టోబరు కాగితమని తెలియలేదు.

"తారీఖులు కత్తిరించెయ్యనా చెల్లెమ్మా?" అన్నాను.

"వద్దన్నయ్యగారూ, అలాగే ఉండనివ్వండి. నాకు ఈ జలపాతమంటే ప్రాణం" అంది, నా మొహం చూడకుండా.

అప్పుడు వెలిగింది నాకు. ఇప్పుడు నేను సోమవారం ఏం చెప్పానో రాయక తప్పదు. నన్ను తిట్టేముందు ఒక గ్లాసు మంచినీళ్లు తాగు. ఎదురుగా ఖాళీ గడి కనపడితే నింపేదాకా నాకు ఊపిరాడదు, అది ఉద్యోగంలో పట్టుకున్న జబ్బు. నువ్వు పన్నెండేళ్లుగా ఆ గడిలో 'ఏమీ లేదు' అని రాస్తున్నావని నాకెవరూ చెప్పలేదు. నేను కలం తీసి, 'కావాలి' దగ్గర 'పని' అని రాసి, గట్టిగా చదివాను. అంతటితో ఆగినా బాగుండేది. "ఫోటోలన్నీ ఫోన్లలోనే ఉండిపోతున్నాయి. మూడు వారాలుగా కొత్త మనిషి గుమ్మం తొక్కలేదు. మా ఆవిడ వెళ్లింది చెల్లెలింటికి కాదు, ఉద్యోగానికి. నెలాఖరుకి తాళాలు ఇచ్చేస్తున్నాం" అన్నాను. నీ పరువు నడివీధిలో పెట్టి వచ్చాను. తప్పు నాదే.

క్యాలెండర్ కాగితం చేత్తో పట్టుకునే బాబాయి దగ్గరకు వెళ్లాను. ఆయన ఆకురాయితో ఏదో తాళంచెవి అరగదీస్తున్నాడు.

"బాబాయిగారూ, జాలిపడి పనులిప్పించక్కర్లేదు. తెలిస్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాను.

ఆయన అరగదీయడం ఆపలేదు. "జాలా? నా కంటికి ఆపరేషనైతే నెల్లాళ్లపాటు రోజూ గంటసేపు వచ్చి నా కొట్లో కూర్చుంది మీ ఆవిడ. తాళాల సంగతి ముక్క తెలియదు. వచ్చినవాళ్లకి రేపు రండి, ఎల్లుండి రండి అని చెప్పి ఒక్కరిని పోనివ్వలేదు. ఇంకా ఎన్నో. మేం ఎప్పుడన్నా నీకేం కావాలమ్మా అంటే, ఏమీ లేదు బాబాయ్ అనేది. పుచ్చుకుని పుచ్చుకుని మా చేతులు చిన్నబోయాయి అల్లుడూ. ఇచ్చేవాళ్ల పక్కన ఉట్టి చేతుల్తో నిలబడ్డం ఎంత కష్టమో నీకు తెలుసా? నువ్వు నోరు జారావు గాని, మాకు మంచిపని చేశావు."

అని బల్లకింద నుంచి ఒక రేకు డబ్బా తీశాడు. దాన్నిండా నీ చీటీలు. నియమం పెట్టిన మనిషే చింపకుండా దాచుకున్నాడు. ఎందుకు దాచారని అడిగితే, "చింపబుద్ధి కాలేదు" అన్నాడు. ఆ సాయంత్రానికి విషయం పొక్కింది. ఇస్త్రీ చెల్లెమ్మ చీరల మడతలోంచి ఆరు తీసింది. సెలూన్ తమ్ముడు అద్దం వెనకనుంచి నాలుగు తీశాడు. "బావగారూ, ఈ అద్దం అక్క ఇచ్చిందే. అందుకే దీని వెనకాలే పెట్టుకున్నా" అన్నాడు. అందులో ఒకటి రాస్తాను: 'ఇస్తా: మీ అద్దం పగిలిందట. నా దగ్గర పెద్ద ముక్క ఉంది. మూల నల్లమచ్చ ఉంది గాని గడ్డానికి అడ్డం రాదు.' నువ్వు ఇంత చమత్కారంగా రాస్తావని నాకు తెలియదు. నాకెప్పుడూ సరుకుల జాబితా తప్ప రాసిచ్చింది లేదు.

అందరూ కలిసి వాటిని ఒకే పటంగా కట్టమన్నారు. సోమవారం నిలబడేచోట గోడకు పెడతారట. "ఇదీ జాలిపనేనా?" అని బాబాయి ఎకసెక్కం కూడా చేశాడు.

నలభై ఒక్క చీటీలు. విడదీసి వరస పెట్టడం నాకు పుట్టుకతో వచ్చినట్టే కదా, బల్లమీద బట్ట పరిచి, చీటీ మూలన వేసిన తారీఖు ప్రకారం పేర్చాను. అన్నిటిలోనూ 'కావాలి: ఏమీ లేదు', 'కావాలి: ఏమీ లేదు'. ఒక్క మొదటి చీటీలో తప్ప. నువ్వు కొట్టు తెరిచిన నెల్లో రాసింది. అందులో 'కావాలి' పక్కన ఏదో రాసి, గట్టిగా నాలుగు గీతలతో కొట్టేసి, పైన 'ఏమీ లేదు' అని రాశావు.

కొట్టేసిన చిరునామాలు చదవడంలో కచేరీలో నన్ను మించినవాడు లేడని నీకు తెలుసు. చీటీని కిటికీ గాజుకు ఆనించి వెలుగులో చూశాను. రెండు నిమిషాలు పట్టలేదు.

'కావాలి: మధ్యాహ్నం నేను రెండు ముద్దలు తినేంతసేపు కొట్టు చూసే మనిషి.'

అప్పట్లో నాది తెల్లవారుజాము డ్యూటీ. ఒంటిగంటకు దిగేవాడిని. ఇంటికి దారి నీ కొట్టు ముందునుంచే. నువ్వు గాజు తుడుస్తూనో, మేకులు కొడుతూనో కనపడేదానివి. నీకు చెయ్యి ఊపి, ఇంటికెళ్లి, నువ్వు పొద్దున్నే వండి మూతపెట్టింది తిని, నాలుగింటిదాకా పడుకునేవాడిని. పన్నెండేళ్లు. నువ్వెప్పుడు తింటావని ఒక్కనాడు అడగలేదు. ఇప్పుడు ఇస్త్రీ చెల్లెమ్మను అడిగితే, "వదినా? జనం పలచబడ్డాక, మూడున్నరకో నాలుక్కో, షట్టరు సగం దించి నిలబడే తినేది. ఎవరైనా పిలిస్తే డబ్బా మూసి వచ్చేసేది" అని చెప్పింది. మీకు తెలియదా అన్నట్టు చూసింది కూడా. నాకు తెలియదు. వీధిలో చెల్లెమ్మకు తెలిసినంత నాకు తెలియదు. సిగ్గేసింది. ఈ పేరా రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను.

వీధివాళ్లను అడగడానికి నామోషీ పడ్డావని ముందు అనుకున్నాను. కాదు, అడిగితే కొట్టు చూడ్డానికి మొగుడున్నాడు కదా అంటారని కొట్టేశావు. నా పరువు కాపాడ్డానికి నువ్వు నిలబడి తిన్నావు, నేను నీ పరువు ఒక్క సోమవారంలో తీసేశాను.

ఇప్పుడు ఆఖరి ప్రశ్న. తాళంచెవులు ఇవ్వలేదు. యజమానిని పదిహేను రోజులు ఆగమన్నాను. మొహం మాడ్చుకుని సరే అన్నాడు. నిన్ను ఇరికించాలని కాదు. జిరాక్స్ అమ్మాయి ఒక ఆలోచన చేసింది: ఎవరైనా ఫోన్లో ఫోటో తెస్తే తన దగ్గర మంచి కాగితంమీద అచ్చు తీసి, మన దగ్గర పటం కట్టించుకోమని పంపుతుంది. సెలూన్లో వంతుకోసం కూర్చున్నవాళ్లకు కనపడేలా తమ్ముడు రెండు నమూనా పటాలు గోడకు తగిలించాడు. ఈ వారం తొమ్మిదిమంది వచ్చారు. వాళ్ల మొహాలు నేనెరగను, నా మొహం వాళ్లెరగరు, కాబట్టి అది జాలి కాదు. ఇలాగే సాగుతుందా అంటే చెప్పలేను. నీ ఉద్యోగం నీకు నచ్చితే అక్కడే ఉండు, నేనే పెట్టె సర్దుకుని అక్కడికి వస్తాను. కొట్టు ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తాను, మారు మాట్లాడను. నువ్వేమంటే అది. కానీ ఈసారి 'ఏమీ లేదు' అని మాత్రం రాయకు. నీకేం కావాలో రాయి.

నలభై చీటీలే పటం కట్టాను. మొదటిది నా దగ్గర ఉంచుకున్నాను. ఆ గీతల కింద ఏముందో ఎవరూ చూడలేదు, ఎవరికీ చెప్పలేదు. నమ్మకపోతే నీ తప్పు కాదు, కానీ ఇది నిజం.

మొన్న సోమవారం నేను కూడా ఒక చీటీ రాశాను. చదివి వినిపించమంటే, ఇది వీధికి కాదు, వేరే ఊళ్లో మనిషికి అన్నాను. బాబాయి ఒప్పుకున్నాడు. ఈ ఉత్తరంతోపాటు పెడుతున్నాను. పుచ్చుకుంటావో లేదో నీ ఇష్టం.

'కావాలి: గాజు తిన్నగా కొయ్యడం నేర్పే మనిషి.
ఇస్తా: మధ్యాహ్నం నువ్వు కూర్చుని తినేంతసేపు కొట్టు చూస్తాను. రోజూ.'

ఇట్లు,
పన్నెండేళ్లు చెయ్యి ఊపి వెళ్లిపోయిన
నీ ఆయన