వెనక సీటు లేని బండి

ఆదివారం, నాచారం

నా మొదటి రేసు అయిపోయింది. పీర్జాదిగూడ అవతల మట్టి గ్రౌండులో, అన్నీ వంద సీసీ పాత బండ్లే. నాది చివరి నుంచి రెండో స్థానం. దానికి బాధ లేదు.

బరువు తగ్గాలని నెల కిందట బండికున్న పొడుగు సీటు, శారీ గార్డు, వెనక ఫుట్‌రెస్టులు నేనే విప్పేశాను. ఒక్కడికి సరిపడే సీటు వేయించాను. పెళ్లయినప్పటి నుంచి వెనక కూర్చునే సుజాత ఇప్పుడు కంపెనీకి బస్సులో పోతోంది. తీసేసిన సీటును వంటింట్లో వేసుకుని, దాని మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

ఇవాళ రేసు చూడటానికీ బస్సులోనే వచ్చింది. అయిపోగానే ఆ దుమ్ములో నవ్వుకుంటూ వచ్చి, "మస్తు నడిపినవ్ బావా, పోదాం పా" అని, అలవాటుగా నా భుజం మీద చెయ్యి వేసి కాలెత్తింది. ఆ కాలు ఫుట్‌రెస్టు కోసం గాల్లో వెతికింది.

"అయ్యో, మర్చేపోయిన. నువ్వు పో, నేను బస్సుల వస్త."

నేను వచ్చేశాను! బండి తోసుకుంటూ స్టాపు దాకా తనతో నడిచి ఉండొచ్చు కదా? బస్సు వచ్చేదాకా నిలబడొచ్చు కదా? తోటి రేసువాళ్లు చూస్తున్నారని గేరు వేసి, దుమ్ము లేపుకుంటూ మరీ వచ్చాను.

చీకటి పడ్డాక ఇంటికొచ్చింది. "గింత లేటయిందేంది?" అన్నాను.

"ఉప్పల్ల బస్సు మారిన గదా. ఆడికెల్లి కూసోనికి సీటు దొరికింది తియ్యి" అంది.