బావ పెట్టించిన కెమెరా

సెక్రటరీ బావకు,

ఇది అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టకుండా కాగితం మీద రాస్తున్నాను. అందుకు ముందు సంతోషించు.

మా గుమ్మానికి ఎదురుగా కెమెరా వద్దంటే, నిండు మీటింగులో "దొంగలకు లేని భయం నీకెందుకోయ్ బావమరిదీ?" అన్నావు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నన్ను మూడు నెలలు చదివించింది. తమ గుట్టు తాము కాపాడుకునేవాళ్ళు వాడే ఉచిత ప్రోగ్రాం ఒకటి దొరికింది. మన బిల్డింగు వైఫైలో ఏమేం ఉన్నాయో అది చూపిస్తుంది. నీ కెమెరా కనబడింది. దాని పాస్‌వర్డ్ పెట్టె మీద అచ్చేసిందే, నువ్వు మార్చలేదు. ఎవరైనా చూడొచ్చు. నేనూ చూశాను.

రోజూ తెల్లవారగానే బనీనుతో మెట్లు దిగి, నా పేపరు తీసి, అక్కడే కూర్చుని గళ్ళనుడికట్టు నింపి, మడత నలగకుండా పెట్టి పోతున్నావు. చూసేది నువ్వొక్కడివే అనుకున్నావు పాపం. గళ్ళు నింపేసిన పేపరు వేస్తున్నాడని ఏడాదిగా నేను పేపరువాణ్ణి తిడుతున్నాను. నవ్వలేక పళ్ళసెట్టు తీసి పక్కన పెట్టాను.

అక్కకు ఇంకా చెప్పలేదు. ఆదివారం మీటింగులో ఆ కెమెరా తీసేద్దామని నువ్వే అను. నేను ససేమిరా తీయొద్దంటాను. పదిమంది ముందు నన్ను బతిమాలి ఒప్పించు. తొందరగా మాత్రం ఒప్పుకోను.

నీ బావమరిది