అక్క కక్కలేదంటుంది అమ్మ

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకి నాలుగేళ్లు. నీకొచ్చిన రక్త క్యాన్సరే ఇప్పుడు నాకూ వచ్చింది. పొద్దున మాత్ర వేసుకున్న అరగంటకే వాంతి అయింది. కళ్లు మసకబారి, పక్కనున్న అమ్మ ముఖం కూడా సరిగ్గా కనబడలేదు.

"ఏటే ఇలాగైపోనావు? మీ అక్క ఒక్కనాడైనా కక్కిందేటి? నవ్వుతూనే మింగీసీది," అంది అమ్మ, నా వీపు రాస్తూ.

ఒళ్లు మండింది. పోయాక కూడా అమ్మ మెప్పంతా నీకే. అప్పట్లో మనముండే తాల్‌బగీచా ఇంట్లో నువ్వు వాంతి చేసుకుంటుంటే, అమ్మకు వినబడకుండా కొళాయి తిప్పింది నేను. బకెట్టు కడిగిందీ నేనే. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"నిజమేనమ్మా, అక్కంత గట్టిదాన్ని కాను," అన్నాను.

నీ మీద కుళ్లు ఇంకా పోలేదు. వాంతులు దాచిపెట్టడానికి నీకు నేనుండేదాన్ని.